డేటా సెంటర్ శీతలీకరణ: గాలితోనా, ద్రవంతోనా?

సర్వర్లు వాడుకునే విద్యుత్తు దాదాపు మొత్తం వేడిగా మారుతుంది కనుక, ఆ వేడిని ఎంత తక్కువ విద్యుత్తుతో బయటికి పంపగలమన్నది డేటా సెంటర్ సామర్థ్యానికి కీలకం.

గాలితో చల్లబరిచే పద్ధతి పాతదే అయినా తీసిపారేయదగ్గది కాదు. చల్లగాలి, వేడిగాలి కలవకుండా సర్వర్లను అమర్చే ర్యాకుల వరుసల మధ్య అడ్డుగోడలు కట్టి, సర్వర్లలోకి వెళ్లే గాలిని ఆష్రే (శీతలీకరణ ఇంజనీర్ల అమెరికన్ సంఘం) సిఫారసు చేసిన 18–27 డిగ్రీల సెల్సియస్ పరిధిలో పైఅంచుకు దగ్గరగా ఉంచితే చిల్లర్లపై, అంటే నీటిని చల్లబరిచే యంత్రాలపై, భారం తగ్గుతుంది. ఫ్యాన్ వేగాన్ని 20 శాతం తగ్గిస్తే అది తీసుకునే విద్యుత్తు సిద్ధాంతరీత్యా సుమారు సగానికి పడిపోతుంది. ఈ చవకైన సవరణలు పూర్తిచేయకుండానే కొత్త యంత్రాల వైపు చూడటం సరికాదని నా అభిప్రాయం.

ఒకే ఘనపరిమాణంలో నీరు గాలి కంటే 3,000 రెట్లకు పైగా వేడిని మోయగలదు. ద్రవ పద్ధతికి ఉన్న బలం అదే. చిప్‌పై అమర్చిన లోహపు పలక గుండా ప్రవహించే నీరు 40 డిగ్రీల వద్ద ఉన్నా తరచు సరిపోతుంది కాబట్టి చిల్లర్ అవసరం చాలావరకు తప్పుతుంది. పైపులు, పంపులు, లీకేజీ పర్యవేక్షణ అదనపు ఖర్చే.

అయితే ఈ రెండింటినీ పీయూఈతో, అంటే డేటా సెంటర్ మొత్తం విద్యుత్తును కంప్యూటింగ్ పరికరాల విద్యుత్తుతో భాగించగా వచ్చే సంఖ్యతో మాత్రమే పోల్చకూడదు. సర్వర్‌లోని ఫ్యాన్ల వినియోగం పరికరాల ఖాతాలోకే వెళుతుంది కనుక, ద్రవ పద్ధతి వాటిని తొలగించి మిగిల్చిన విద్యుత్తు ఆ సంఖ్యలో మెరుగుదలగా కనిపించదు. అదే పనికి అయ్యే మొత్తం వినియోగాన్ని కొలవడమే న్యాయం.

ఒక్కో ర్యాకు విద్యుత్ వినియోగం 10 కిలోవాట్ల లోపు ఉన్నచోట గాలి చాలు. 100 కిలోవాట్లు దాటే ఏఐ ర్యాకులకు ద్రవమే దారి.