మా ఊరి టెన్నిస్ క్లబ్: ఏళ్ల తరబడి ఆడాక రాస్తున్న సమీక్ష

విజయవాడకు గంట ప్రయాణం దూరంలో ఉన్న పాత క్లబ్ ఇది. మూడు మట్టి కోర్టులు, వాటి పక్కనే తర్వాత వేసిన ఒక సింథటిక్ కోర్టు. ఏడెనిమిదేళ్లుగా ఇక్కడే ఆడుతున్నాను. కొత్తగా చేరాలనుకునేవాళ్లు నన్ను అడిగేది ఒకటే: "చేరితే ఆట బాగుపడుతుందా?" బాగుపడుతుంది. కానీ అందరూ ఎగబడే పొద్దుటి డబుల్స్ వల్ల కాదు. మార్కర్‌ (క్లబ్‌లో సభ్యులతో ఆడుతూ ఆట నేర్పే మనిషి) వల్ల, ఆయన దగ్గరుండే పాత బంతుల బుట్ట వల్ల.

ముందు కోర్టుల సంగతి. మట్టి కోర్టును నిలబెట్టుకోవడం చాకిరీతో కూడిన పని. నీళ్లు చల్లాలి, రోలర్ లాగాలి, గీతలు దిద్దాలి. మా గ్రౌండ్ మనిషి తెల్లారకముందే వచ్చి ఇదంతా చేసి పెడతాడు, ఆ శ్రద్ధ ఆటలో తెలుస్తుంది. బంతి కాస్త నెమ్మదిగా వచ్చి ఎత్తుగా లేస్తుంది కాబట్టి నాలాంటి మామూలు ఆటగాళ్లకు కూడా ర్యాలీ, అంటే బంతి ఆగకుండా అటూ ఇటూ పోవడం, సాగుతుంది. నలభై దాటినవాళ్ల మోకాళ్లకు ఇంతకన్నా మంచి నేల దొరకదు. బంతి పడ్డ మచ్చ కనిపిస్తుంది కనుక లోపలా బయటా అన్న వాదనలు కూడా తక్కువ. లోటల్లా వానాకాలమే. గట్టి వాన పడితే రెండు మూడు రోజులు ఆరదు. అప్పుడు మొత్తం సభ్యులంతా ఆ ఒక్క సింథటిక్ కోర్టు మీదే పడతారు.

పొద్దున అయిదున్నర నుంచి ఎనిమిది దాకా డబుల్స్. ఎవరి జట్టు వాళ్లకు ఏళ్ల క్రితమే కుదిరిపోయి ఉంటుంది. కొత్తవాళ్లకు "ఈ సెట్ అయ్యాక రా బాబూ" అన్న మాట చాలా రోజులు వినిపిస్తుంది. ఇది నాకు ఇప్పటికీ నచ్చదు, కమిటీ పట్టించుకోవాల్సిన విషయం. అయితే ఒకసారి ఆ నలుగురిలో కలిశాక నేర్చుకునేది చాలానే ఉంటుంది. మా దగ్గర రిటైరైన లెక్చరర్ గారు ఒకాయన ఉన్నారు. ఆయన పరుగెత్తలేరు, కానీ నెట్ దగ్గరికి వచ్చినవాడి తల మీదుగా లాబ్ వేస్తే బంతి కోర్టు చివరి గీతైన బేస్‌లైన్‌కు అడుగు లోపలే పడుతుంది. ఎదుటివాళ్లు ఎక్కడ నిలబడ్డారో చూసి కొట్టడమంటే ఏమిటో మాస్టారిని చూసే నేర్చుకున్నాను. కానీ నా సర్వ్ మాత్రం ఆ ఆటలో అంగుళం కూడా మారలేదు. మ్యాచ్‌లో పాయింట్ పోకూడదన్న టెన్షన్ ఉంటుంది కాబట్టి ఎవరైనా చేతికి అలవాటైనదే కొడతారు.

మార్పంతా మార్కర్‌తోనే వచ్చింది. ఆయన బాల్ బాయ్‌గా మొదలై ఇక్కడే ఆట నేర్చుకున్న మనిషి. మొదటి రోజు నా చేతిలోంచి రాకెట్ తీసేసుకున్నారు. "సార్, బంతి పైకి వేసి ఊరికే వదిలేయండి, ఎక్కడ పడుతుందో చూద్దాం" అన్నారు. ఎడమ కాలికి అడుగు ముందు, కాస్త కుడివైపు నేల మీద ఒక చిన్న గుండ్రం గీసి, బంతి అందులో పడేదాకా అదే పని చేయించారు. తర్వాత సుత్తి పట్టుకున్నట్టు పట్టుకునే కాంటినెంటల్ గ్రిప్. దానికి మణికట్టు అలవాటు పడేదాకా సర్వ్ మునుపటికన్నా ఘోరంగా ఉంటుంది, అక్కడే చాలామంది వదిలేస్తారు. ఓపిక పడితే రెండో సర్వ్‌కు స్పిన్ వస్తుంది, రెండు సర్వ్‌లూ తప్పి పాయింట్ పోయే డబుల్ ఫాల్టులు తగ్గుతాయి.

క్రాస్ కోర్ట్, అంటే బంతిని ఐమూలగా కొట్టడం, సంగతి కూడా ఆయన టేపుతో కొలిచి చూపించారు. నెట్ మధ్యలో 91.4 సెంటీమీటర్లే, స్తంభాల దగ్గర 1.07 మీటర్లు. పైగా సింగిల్స్ కోర్టు పొడవు 23.77 మీటర్లైతే మూల నుంచి మూలకు 25 మీటర్లు దాటుతుంది. నెట్ తక్కువ ఎత్తు ఉన్నచోటు మీదుగా, ఎక్కువ స్థలం ఉన్నవైపు కొట్టడం. ఇబ్బందిలో పడ్డప్పుడల్లా నేను అటే కొడతాను. ఆయన ఫీజు గంటకింతని విడిగా ఇవ్వాలి. ఇద్దరు కలిసి పంచుకుంటే భారం ఉండదు, ఇద్దరొకవైపు ఆయనొకవైపు నిలబడే డ్రిల్ కూడా కుదురుతుంది.

మోచేయి నొప్పి గురించి ఒక మాట. షాపుల్లో అందరికీ రాకెట్‌కు పాలియెస్టర్ గట్స్ (తీగలు) అంటగడుతున్నారు. అవి బిరుసుగా ఉంటాయి, బిగువు కూడా త్వరగా పోతుంది. బంతిని బలంగా తిప్పి కొట్టే కుర్రాళ్లకు సరే. వారాంతాల్లో ఆడేవాళ్లకు సన్న పోగులు కలిపి చేసిన మెత్తటి మల్టీఫిలమెంట్ గట్స్ మేలు. నేను అవి వేయించుకుని, బిగువు 55 పౌండ్ల నుంచి 50కి తగ్గించాక చెయ్యి తేలికపడింది.

పిల్లల వేసవి శిక్షణ ఈ క్లబ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన పని. చిన్నవాళ్ల చేతికి పెద్దల బంతి ఇవ్వరు. మొదట ఎర్ర బంతి, తర్వాత మామూలు దానికన్నా 50 శాతం నెమ్మదైన ఆరెంజ్, ఆపైన 25 శాతం నెమ్మదైన ఆకుపచ్చ చుక్కది. బంతి నడుము ఎత్తులో అందుతుంది కాబట్టి మొదటి వారంలోనే ర్యాలీ ఆడతారు. 2005లో హైదరాబాద్‌లో సానియా మీర్జా డబ్ల్యూటీఏ (మహిళల అంతర్జాతీయ టెన్నిస్) టైటిల్ గెలిచినప్పుడు ఆడపిల్లలను తీసుకొచ్చే తల్లిదండ్రులు ఒక్కసారిగా పెరిగారని పాత సభ్యులు చెబుతారు. ఇప్పుడు శిక్షణలో సగం మంది అమ్మాయిలే. సంక్రాంతి డబుల్స్ పోటీలో చీటీలు తీసి జంటలు కలుపుతారు. పదో తరగతి అమ్మాయి డాక్టర్ గారితో జతకట్టి ఆయనకే ఎక్కడ నిలబడాలో చెబుతుంటే చూడముచ్చటగా ఉంటుంది.

సాయంత్రం ఆట మాత్రం నిరాశే. లైట్లు మసక, ఎత్తుగా లేచిన బంతి కనిపించదు. ఆడవాళ్ల బట్టలు మార్చుకునే గదికి చాలాసార్లు తాళమే. రెండు విషయాలూ సర్వసభ్య సమావేశంలో గట్టిగా అడిగాం, ఒక కోర్టుకు ఎల్‌ఈడీలు పెడతామన్నారు. అవి వెలిగేదాకా సాయంత్రం బ్యాచ్ కోసమే డబ్బు కట్టొద్దు. పొద్దున రాగలిగితే చేరండి. చేరిన రోజే మార్కర్ దగ్గర వారానికి రెండు గంటలు రాయించుకోండి, చలికాలం మొదలైతే ఆయన దగ్గర ఖాళీ దొరకదు.