వంపు అద్దం మీద టింట్ ఫిల్ము: 8 ఏళ్లు, రెండు కార్లు, మూడు ఫిల్ములు

మొన్న కారు వెనక అద్దాన్ని లోపలి వైపు తడిగుడ్డతో తుడుస్తుంటే, కింది అంచు దగ్గర గుడ్డ పోగు ఒకటి దేనికో తగులుకుంది. వంగి చూస్తే ఎడమ మూల నుంచి జానెడు దూరంలో, ఎండ తగ్గించడానికి అద్దం లోపలి వైపు అంటించిన టింట్ ఫిల్ము గోరంత మేర లేచి ఉంది. ఆ చోటు నాకు బాగా గుర్తు. 5 ఏళ్ల కిందట ఈ ఫిల్మును అద్దం వంపుకు తగ్గట్టు సెగపెట్టి మలుస్తున్నప్పుడు, చీకటి పడుతోందన్న తొందరలో, పూర్తిగా అణగని ఒక ముడతను, నీటిని తోసే పలకతో నొక్కి వదిలేశాను. పక్కన లైటు పట్టుకుని నిలబడ్డ తమ్ముడు "అన్నయ్యా, అక్కడ ఇంకా పొంగు కనిపిస్తోంది" అని చెప్పాడు కూడా. "జిగురు పట్టుకుంటుందిలే" అన్నాను. మొదటి వేసవి దాటకముందే అది లేచింది. ఆ తర్వాత ఎన్నిసార్లు వెచ్చచేసి నొక్కినా కొన్నాళ్లకు మళ్లీ అదే చోట లేస్తోంది.

ఈ 8 ఏళ్లలో రెండు కార్ల వెనక అద్దాలకు మొత్తం మూడుసార్లు ఫిల్ము వేశాను. మొదటి కారుకు ముందు రంగు ఫిల్ము (రంగు అద్దినది), అది పాడయ్యాక సిరామిక్ ఫిల్ము (సన్నటి సిరామిక్ రేణువులు ఉన్నది), రెండో కారుకు కార్బన్ ఫిల్ము (కార్బన్ రేణువులు ఉన్నది). మూడింటినీ రోజూ చూస్తూ వచ్చాక నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఇది: వంపు అద్దం మీద ఫిల్ము ఎన్నాళ్లు నిలుస్తుందన్నది జిగురు మీది పొర విప్పకముందే తేలిపోతుంది. సెగతో అణిగిన ముడత మళ్లీ లేవదు. బలంతో అణిచిన ముడత ఎప్పటికైనా లేస్తుంది.

పక్క అద్దాలకు ఈ చిక్కు లేదు. అవి వంగినా దాదాపు ఒకే దిశలో వంగుతాయి కాబట్టి, డబ్బాకు కాగితం చుట్టినట్టు ఫిల్ము వాటి మీద చక్కగా పరుచుకుంటుంది. చాలా కార్లలో వెనక అద్దం మాత్రం అడ్డంగానూ నిలువుగానూ వంగి ఉంటుంది. బంతికి కాగితం చుట్టబోతే నడుమ అంటుకుంటుంది, అంచుల దగ్గర మిగులు కాగితం ముడతలుగా లేస్తుంది. ఫిల్ముకూ అదే జరుగుతుంది. పై అంచునా కింది అంచునా చేతివేళ్లలా వరుసగా ముడతలు నిలబడతాయి. ఆ మిగులును కత్తిరిస్తే అద్దం మీద అతుకులు కనిపిస్తాయి, కాబట్టి ఫిల్మునే ముడుచుకునేలా, అంటే కొలత తగ్గి కుంచించుకునేలా, చేయాలి. టింట్ ఫిల్ము పాలియెస్టర్ కావడం మన మేలుకే వచ్చింది. తయారీలో ఆ పొరను వేడిచేసి సాగదీసి, సాగిన స్థితిలోనే చల్లారుస్తారు. మళ్లీ తగినంత వేడి తగిలితే ఆ సాగుడు సడలి, పొర వెనక్కి ముడుచుకుంటుంది.

కాకపోతే అన్ని వైపులా ఒకేలా ముడుచుకోదు. ఫిల్ము రోలు విప్పుకుంటూ పోయే దిశలో, అంటే రోలు పొడవు వెంట, బాగా ముడుచుకుంటుంది. వెడల్పు వెంట కదలిక చాలా తక్కువ. మొదటిసారి నాకు ఈ సంగతి తెలియదు. నా దగ్గర ఉన్నది 60 అంగుళాల వెడల్పు రోలు. అద్దం అడ్డకొలతకు రోలు వెడల్పు సరిపోయిందని, ఫిల్ము ఆదా అవుతుందని, అలాగే ఒక ముక్క కోసి పరిచాను. ఎంతసేపు సెగ చూపించినా పై ముడతలు తగ్గలేదు. ఫిల్ము నిలువునా బిగుసుకుంది తప్ప, అడ్డంగా ఉన్న మిగులు ఎక్కడిదక్కడే ఉండిపోయింది. సెగ పెంచితే రెండు ముడతల నడుమ కమిలి, గరుకుగా తయారైంది. ఆ ముక్కను పక్కన పడేసి, రోలు పొడవు అద్దం వెడల్పు వెంట వచ్చేలా ఇంకో ముక్క కోశాక అవే ముడతలు మాట విన్నాయి. వంపు అద్దం మీద మొదటిసారి పనిచేసే వారికి నేను అన్నిటికన్నా ముందు చెప్పేది ఈ దిశ గురించే.

ఫిల్మును ముందు అద్దం బయటి వైపు పరిచి, సెగతో ముడతలు అణిచి, ఆ తర్వాతే లోపల అంటించాలి. అందుకు నాకు అచ్చొచ్చింది పొడి పద్ధతి. అద్దాన్ని బయటి వైపు శుభ్రంగా కడిగి, ఆరనిచ్చి, టాల్కం పౌడర్ కొద్దిగా చల్లి మెత్తటి గుడ్డతో పలుచగా రుద్దుతాను. ఆ పౌడర్ వల్ల ఫిల్ము అద్దానికి పట్టుకోకుండా జారుతుంది, ముడుచుకునేటప్పుడు కదలడానికి వీలుంటుంది. జిగురును కప్పి ఉంచే లైనర్ పొర నా వైపుకు, బయటకు ఉండాలి. ఇదే ముక్క తర్వాత కారు లోపలికి వెళ్లినప్పుడు జిగురు వైపు అద్దానికి తగలాలంటే ఇదొక్కటే మార్గం. ఇక అద్దం నడుమ అడ్డంగా ఒక పట్టీ, రెండు పక్కలా నిలువుగా ఒక్కో పట్టీ తడి స్పాంజితో తడిపి, ఆ మూడు చోట్ల మాత్రమే ఫిల్మును అద్దానికి అంటిస్తాను. చూడటానికి ఇంగ్లిషు హెచ్ అక్షరంలా ఉంటుంది. మిగులంతా అప్పుడు పైకీ కిందికీ చేరుతుంది. అరచేతితో దువ్వి ఆ మిగులును ఒకే పెద్ద పొంగుగా ఉండనివ్వకుండా చిన్న చిన్న ముడతలుగా పంచుతాను. లావుపాటి ముడత ఒక్కటి అణగడం కష్టం, సన్నవి నాలుగైదు తేలిక.

తర్వాత హీట్ గన్, అంటే వేడి గాలి ఊదే యంత్రం. ఒక ముడతను దగ్గర నుంచి గమనిస్తే ఈ పని మొత్తం అర్థమవుతుంది. సెగ తగలకముందు అది గుడారంలా గుండ్రంగా నిలబడి ఉంటుంది. గన్‌ను బెత్తెడు దూరంలో పట్టుకుని, ఒక్క చోట ఆపకుండా, నడుమ పట్టీ వైపు నుంచి అంచు వైపుగా, ఆ పక్కకూ ఈ పక్కకూ ఊపుతూ రావాలి. రెండు మూడు క్షణాల పాటు ఏమీ జరగదు. ఆ తర్వాత ముడత ఒళ్లంతా సన్నగా వణికినట్టవుతుంది, వెడల్పు తగ్గుతుంది, గాలి తీసేసినట్టు మెల్లగా అద్దం మీదికి వాలుతుంది. సెగ తీసేయాల్సిన క్షణం అదే. ఇంకొక్క క్షణం ఎక్కువైతే ఫిల్ము చిట్లించినట్టు ముడుచుకుని, చిన్న చిన్న గట్టి మడతలు పడిపోతాయి. వాటిని ఏం చేసినా సరిచేయలేం. పాలియెస్టర్ కరిగేది సుమారు 250 డిగ్రీల సెల్సియస్ దగ్గర. హీట్ గన్ ముక్కు దగ్గర వేడి అంతకన్నా చాలా ఎక్కువ ఉండవచ్చు కాబట్టి, ఫిల్మును కాపాడేది దూరమూ, చేతి కదలికా మాత్రమే. వాలిన వెంటనే, ఇంకా వెచ్చగా ఉండగానే, చేతి తొడుగుతోనో గుడ్డ చుట్టిన గట్టి పలకతోనో ఒకసారి దువ్వితే ఫిల్ము ఆ వంపునే తన ఆకారంగా నిలుపుకుంటుంది.

ముడత పోయిందా లేదా అన్నది ఎదురుగా నిలబడి చూస్తే తెలియదు. అద్దం పక్కకు వెళ్లి, కంటిని దాదాపు అద్దం మట్టానికి దించి, ఏటవాలుగా లైటు వేయించుకుని చూడాలి. ఆ సాయంత్రం తమ్ముడికి పొంగు కనిపించింది అందుకే. నేను ఎదురుగా ఉన్నాను, అతను పక్కన ఉన్నాడు.

తడి పద్ధతిలో సబ్బునీళ్లు చల్లి, ఫిల్మును నీటి మీద తేలనిచ్చి, ఒక్కో ముడతకు సెగపెట్టి పలకతో నీటిని తోసేస్తారు. వంపు తక్కువ ఉన్న అద్దాలకు అది బాగానే ఉంటుంది. ఎక్కువ వంపు ఉంటే నీరు ఫిల్మును పట్టి ఉంచుతుంది, వేడిని కూడా తానే లాగేసుకుంటుంది. పలక గట్టిగా నొక్కితే అక్కడే మడత పడిపోయే ప్రమాదం ఉంది. ఒకసారి ప్రయత్నించి పొడి పద్ధతికే తిరిగి వచ్చాను.

అద్దం సంగతి కూడా చెప్పాలి. కార్ల వెనక అద్దాలు చాలావరకు వేడిచేసి ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరచిన గాజు. పగిలితే ముక్కలు కాదు, మొత్తం అద్దం చిన్న చిన్న పలుకులుగా రాలిపోతుంది. ఒకే చోట సెగ నిలిపితే ఆ చోటు వ్యాకోచిస్తుంది, పక్కన చల్లగా ఉన్న గాజు దాన్ని పట్టి ఆపుతుంది. ఆ లాగులాటే ప్రమాదం. అంచున చిన్న పెచ్చు లేచి ఉన్నా, గీత పడి ఉన్నా సెగ పెట్టకపోవడం మంచిది. చలి ఎక్కువగా ఉన్న రోజున నేను ఈ పని పెట్టుకోను. పనిచేస్తున్నంతసేపూ రెండో చేతి వెనక భాగాన్ని అప్పుడప్పుడు గాజుకు ఆనించి చూస్తాను. చేయి ఆనించలేనంత వేడిగా ఉంటే అక్కడి నుంచి జరిగిపోయి, ఇంకో ముడత చూసుకుంటాను.

హీట్ గన్‌కు ఉష్ణోగ్రత మార్చుకునే వీలుంటే చాలు. జుట్టు ఆరబెట్టే యంత్రంతో సరిపెట్టుకోవచ్చని కొందరు చెబుతారు కానీ, నిండు వంపు ఉన్న అద్దం మీద దాని వేడి చాలదు. డబ్బు పెట్టాల్సింది మంచి బ్లేళ్ల మీద. మొన పోయిన బ్లేడు ఫిల్మును కోయదు, చింపుతుంది.

ముడతలన్నీ అణిగాక అంచులు కోసి, ముక్కను వదులుగా చుట్టి లోపలికి తీసుకెళ్లడం అసలైన కసరత్తు. వెనక సీటు మీద మోకాళ్లపై కూర్చుని, తల పైకప్పుకు తగులుతుండగా లైనర్ విప్పాలి. ఇద్దరు ఉండాల్సిందే. బేబీ షాంపూ రెండు చుక్కలు కలిపిన నీళ్లు అద్దం మీదా, విప్పిన జిగురు మీదా ధారాళంగా చల్లితే ఫిల్ము జారుతూ తన చోటుకు తాను చేరుకుంటుంది. బయట సరిగ్గా ముడిచి ఉంటే లోపల ముడత అన్నమాటే ఉండదు, నీరు తోసేయడమే మిగులుతుంది. లోపల కొత్తగా ముడత కనిపించిందంటే బయట పని మిగిలిపోయిందని అర్థం. ఆవిరి పోగొట్టే సన్నటి డీఫాగర్ గీతలు అద్దం లోపలి వైపే ఉంటాయి కాబట్టి, పలకను వాటి వెంట అడ్డంగా నడిపితేనే గీత పక్కన నిలిచే నీరు బయటికి వస్తుంది. అంచుల వెంట ఉండే నల్ల చుక్కల పట్టీ మీద ఫిల్ము ఎప్పుడూ పూర్తిగా అంటుకోదు. ఆ చుక్కలు కాస్త ఉబ్బెత్తుగా ఉంటాయి, వాటి మధ్య గాలి నిలిచి తెల్లటి చారలా కనిపిస్తుంది. మూడు ఫిల్ములకూ ఆ చార ఉంది. అది పనిలో లోపం కాదని ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

మొదటి రెండు వారాలు అక్కడక్కడా నీటి మసక, చిన్న చిన్న నీటి బుడగలు కనిపిస్తాయి. వాటిని గోటితో నొక్కకూడదు, అవే ఆరిపోతాయి. జిగురు పూర్తిగా పట్టే వరకు, నెల రోజుల పాటు, నేను డీఫాగర్ వేయలేదు.

ఇక మన్నిక. మొదటి రంగు ఫిల్ము మూడో ఏటికి ఊదారంగుకు తిరిగింది, ఆ పైన బుడగలు పొంగాయి. చవక రంగు ఫిల్ముల్లో ఎండకు రంగు చెడిపోవడం మామూలే. దాన్ని తీయడం వేయడం కన్నా కష్టమైంది. ఆవిరి పట్టించి, మూల నుంచి అద్దానికి దగ్గరగా మెల్లగా లాగుతూ తీశాను. అయినా ఒకచోట జిగురు గట్టిపడి, డీఫాగర్ గీత ఒకటి అరంగుళం మేర ఫిల్ముతో పాటు ఊడి వచ్చింది. విద్యుత్తు ప్రసరించే రంగుతో ఆ ఖాళీని పూడ్చాను, గీత మళ్లీ పనిచేస్తోంది. వెనక అద్దం మీద జిగురు మిగిలితే బ్లేడుతో గీకవద్దని నా గట్టి విన్నపం.

సిరామిక్ ఫిల్ము 5 ఏళ్లకు కూడా రంగు మారలేదు. వెనక సీటులో వీపుకు తగిలే ఎండ చురుకు స్పష్టంగా తగ్గింది. లోహపు పొర లేదు కాబట్టి, అద్దంలోనే యాంటెన్నా ఉన్న మా కారులో రేడియోకు ఏ ఇబ్బందీ రాలేదు. ముడుచుకోవడంలో మాత్రం ఇది మొండిది. రంగు ఫిల్ము కన్నా ఎక్కువ సెగ, ఎక్కువసేపు అడుగుతుంది, హద్దు దాటితే అంతే తొందరగా కమిలిపోతుంది. కార్బన్ ఫిల్ము ఈ రెండింటికీ మధ్యస్థం. వంపు అద్దం మీద చేయి తిరగని వారు దానితో మొదలుపెడితే బాగుంటుందని నాకు అనిపిస్తుంది. ముదురు రంగు ఎంచుకునే ముందు ఒక చిన్న లెక్క వేసుకోండి. కాంతిలో 80 శాతం లోపలికి వదిలే అద్దం మీద 35 శాతం వదిలే ఫిల్ము వేస్తే, చివరికి లోపలికి వచ్చేది 28 శాతమే. రాత్రి కారు వెనక్కి తీసేటప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది. మీరున్న చోట చట్టం ఎంత వరకు ఒప్పుకుంటుందో కూడా ముందే చూసుకోండి.

రెండో కారు అద్దం మొదటిదానికన్నా ఎక్కువ గుండ్రన. పైన ఆరు, కింద ఐదు ముడతలు వచ్చాయి. ఈసారి ఉదయమే మొదలుపెట్టాం. ఒక్కో ముడత అణిగాక తమ్ముడు పక్క నుంచి లైటు వేసి, అద్దం మట్టాన కన్ను పెట్టి చూసి, "అయిపోయింది అన్నయ్యా" అన్నాకే రెండోదానికి వెళ్లాను. సెగ పనికే రెండున్నర గంటలు పట్టింది. రెండేళ్లయింది. మొన్న మొదటి కారు తుడిచాక దాని దగ్గరికీ వెళ్లి, కింది అంచు పొడవునా ఈ మూల నుంచి ఆ మూల దాకా గోరుతో నిమిరి చూశాను. ఎక్కడా తగల్లేదు.