స్కూల్ క్వయర్ సెలెక్షన్: హార్మోనియమా, తంబూరానా, కరోకేనా?

ఆగస్టు 15 దగ్గరపడిందంటే ఒడిశాలోని బరంపురంలో మా వీధి తల్లులందరిదీ ఒకటే ప్రశ్న. "అక్కా, స్కూల్లో క్వయర్‌కి, అదే బృందగానానికి, పిల్లల్ని ఎంచుతారట. మా పాప బాగానే పాడుతుంది, గొంతు ఇంకొంచెం మెరుగవ్వాలి. సంగీతంలో చేర్చమంటావా, ఫోన్లో కరోకే పెట్టి పాడిస్తే చాలా?" పర్లాకిమిడి, రాయగడల్లో ఉన్న చుట్టాలు కూడా ఫోన్ చేసి ఇదే అడుగుతారు. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

సెలెక్షన్లో మాస్టారు ఏం చూస్తారో ముందు ఆలోచించండి. హార్మోనియం మీద ఒక మెట్టు నొక్కి "ఆ" అనమంటారు. పిల్ల ఆ స్వరాన్ని అందుకుందా? పక్కన ఇంకొకరు పాడుతుంటే శ్రుతి జారిపోతోందా? పదిమందిలో గొంతు కలుస్తోందా? స్వరాన్ని ఊపి పలికే గమకాలు, ఒకే పంక్తిని రకరకాలుగా పాడే సంగతులు సోలో పోటీలో మెప్పిస్తాయి. క్వయర్లో ఒక్క గొంతు పైకి తేలిందంటే అది లోపమే. కాబట్టి ఈ కొద్ది రోజుల్లో పదును పెట్టాల్సింది గొంతుకంటే ముందు చెవికి. నా అభిప్రాయమంతా దీని మీదే నిలబడి ఉంది.

సంగీతం మాస్టారి దగ్గర సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు అనే తొలి పాఠాలు నేర్చుకోవడానికి సాటి వచ్చేది ఏదీ లేదు. కాకపోతే అది నెలల పని. సెలెక్షన్ వచ్చే వారం ఉండగా ఈ వారం చేర్చి ఫలితం ఆశిస్తే పిల్లకీ టెన్షన్, మాస్టారికీ ఇబ్బంది. చేర్చండి, కానీ వచ్చే ఏడాది కోసం చేర్చండి.

కరోకే, అంటే గాయకుడి గొంతు లేని వాద్యాల ట్రాక్ మీద పాడటం, పిల్లలకి సరదా. తాళం తప్పకుండా పాడటం, ఎక్కడ ఎత్తుకోవాలో కనిపెట్టడం దానితో బాగా వస్తాయి. చిక్కు శ్రుతితోనే. ట్రాక్ పెద్దవాళ్ల గొంతుకి తగ్గట్టు ఉంటుంది, అందులోనూ మగ గాయకుడి పాటైతే పిల్ల అడుగున గొణుగుతుంది, లేదా పైన అరుస్తుంది. కొన్ని యాప్‌లలో శ్రుతి మార్చే వీలుంది, అది వాడండి. హెడ్‌ఫోన్ రెండు చెవులకీ పెట్టుకుని మాత్రం పాడనివ్వకండి, తన గొంతు తనకే సరిగా వినబడదు. యాప్ కలిపే ప్రతిధ్వని వల్ల అపస్వరం కూడా ఇంపుగానే తోస్తుంది.

ఇక అసలు పోలిక హార్మోనియానికీ తంబూరాకీ మధ్యే. మన ఇళ్లలో భజనల కోసమో, తాతగారి నాటకాల రోజుల నుంచో హార్మోనియం ఉండనే ఉంటుంది. తంబూరా, అంటే ఆగకుండా శ్రుతిని వినిపించే తీగ వాద్యం, లేకపోయినా దిగులు లేదు, ఫోన్లో తంబూరా యాప్ ఉచితంగానే దొరుకుతుంది.

హార్మోనియంతో పిల్ల శ్రుతి ఏదో తేల్చుకోవడం తేలిక. జాతీయ గీతం పూర్తిగా పాడించండి, సుమారు 52 సెకన్ల పాట. చివర్లో వరుసగా మూడుసార్లు వచ్చే "జయహే"ల్లో మొదటిదాని దగ్గర మెడనరాలు బిగుసుకుంటే ఒక మెట్టు (నలుపైనా తెలుపైనా పక్కదే) దించి మళ్లీ పాడించండి. మొదట్లో అడుగు స్వరాలు గాలిలో కలిసిపోతుంటే ఒక మెట్టు పెంచండి. రెండు కొసలూ హాయిగా పలికిన చోటే పిల్ల శ్రుతి. అది రాసిపెట్టుకోండి. మన కర్ణాటక సంగీతం మాస్టారు ఐదున్నర శ్రుతి అనేదాన్నే ఇక్కడి ఒడియా హార్మోనియం మాస్టారు కాళీ చార్ (నాలుగో నల్ల మెట్టు) అంటారు. రెండు పేర్లూ తెలిస్తే సెలెక్షన్ రోజు తడబాటు ఉండదు. ఎనిమిది, తొమ్మిది తరగతుల అబ్బాయిలకి గొంతు మారుతూ ఉంటే పోయినేటి శ్రుతిని పట్టుకుని వేలాడకండి, దించేయండి.

శ్రుతి తేలాక మాత్రం నేను హార్మోనియం మూసేయమంటాను. పాటలో ప్రతి స్వరాన్నీ మనం వాయిస్తుంటే పిల్ల గొంతు దాని వెనకాలే నడుస్తుంది. స్వరం విన్నాక సర్దుకోవడమే తప్ప తనంతట తాను వెతుక్కోవడం అలవాటు కాదు. వాయించడం ఆపి చూడండి, రెండో చరణానికే శ్రుతి కిందికి జారుతుంది. తంబూరా అలా చేయి పట్టుకుని నడిపించదు. పా, సా, సా, కింది సా. ఆ నాలుగు తీగల మీద మిగతా స్వరాలన్నీ పిల్లే వెతుక్కోవాలి. తప్పితే అక్కడికక్కడే చెవికి గరుకుగా తగులుతుంది, కలిస్తే గొంతు నాదంలో కరిగిపోయినట్టు ఉంటుంది. పక్కవాళ్ల గొంతులో కలవడానికి కావలసిన చెవి ఇదే.

పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట చాలు. ముందు నోరు మూసి "మ్" అంటూ సా పట్టాలి, పెదవుల దగ్గర చిన్న కంపనం తెలియాలి. తర్వాత అదే సా మీద "ఆ", "ఈ", "ఊ". ఆ పైన సా-పా-సా, చివర్లో సెలెక్షన్‌కి పాడబోయే పాట, అంతా తంబూరా మీదే. ఒక్కసారి ఇంకో ఫోన్లో రికార్డు చేసి వినిపించండి. ఎక్కడ తప్పిందో మనం చెప్పేలోపే పిల్లే చెబుతుంది.

మిరియాల పాలు, తేనె, పటికబెల్లం హాయినిస్తాయి, ఇవ్వండి. అయితే మనం మింగేది ఆహారనాళంలోకి పోతుంది, స్వరతంత్రులను తాకదు. తాకేది పీల్చే ఆవిరి. పొద్దుటి నుంచీ కొద్దికొద్దిగా నీళ్లు తాగుతుండాలి. అరవడం, మాటిమాటికీ గొంతు సవరించుకోవడం మానిపించాలి.

మన పిల్లలకి ఇంకొక్క సంగతి. పాట ఒడియాదైతే అచ్చులు ఒడియా పిల్లల నోట విని నేర్చుకోమనండి. వాళ్ల "అ" కాస్త గుండ్రంగా "ఒ"లా పలుకుతుంది. పదిమంది అలా పలుకుతుంటే మన పిల్ల ఒక్కతే తెలుగు "అ" విప్పి పాడితే, శ్రుతి కలిసినా గొంతు విడిగా వినబడుతుంది. పక్కింటి ఒడియా స్నేహితురాలితో కలిసి రెండుసార్లు పాడిస్తే సరిపోతుంది.

ఆ రోజు మాస్టారు ఇచ్చిన స్వరం ఒక్కసారికి అందకపోతే కంగారుపడి ఏదో ఒకటి అనేయొద్దని చెప్పండి. "సార్, ఇంకోసారి ఇవ్వండి" అని అడగొచ్చు. విని, లోపల "మ్" అనుకుని, అప్పుడు నోరు తెరవాలి.