అమెరికాలో జ్వరమొస్తే: సాలరీ ఉద్యోగికీ గంటల ఉద్యోగికీ తేడా

ఓవర్‌టైమ్ వర్తించని ఎగ్జెంప్ట్ ఉద్యోగి ఒంట్లో బాగోలేక పొద్దున పదింటికే లాగౌట్ అయినా, ఫెడరల్ చట్టం ప్రకారం ఆ రోజు జీతం కోయకూడదు. సెలవు ఖాతాలోంచి గంటలు తగ్గించుకోవచ్చు, అంతే. రోజంతా రాకపోతే కోయొచ్చు గానీ, కంపెనీకి సరైన సిక్ లీవ్ పథకం ఉంటేనే. ఈ మెలిక చాలామంది హెచ్‌ఆర్ వాళ్లకే గుర్తుండదు.

గంటల లెక్కన చేసేవారికి అంత ధీమా లేదు. పదింటికి వెళ్లిపోతే పదింటిదాకే డబ్బు. జీతంతో సిక్ లీవ్ ఇవ్వమని ప్రైవేటు కంపెనీలన్నిటికీ వర్తించే ఫెడరల్ నియమం లేదు. కాలిఫోర్నియా నయం: 2024 నుంచి ఏడాదికి కనీసం 40 గంటలు, పార్ట్‌టైమ్ వాళ్లకూ. ఆఫర్ లెటర్‌లో అంకె చూసి మురిసిపోయే మనవాళ్లు ఎగ్జెంప్టా, నాన్ ఎగ్జెంప్టా అన్నదీ చూసుకోవాలి. వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు వచ్చేది మాత్రం ఈ రెండోవాళ్లకే.