డుంకెలా, ష్వార్ట్స్‌బియరా?

జర్మనీకి చదువుకో ఉద్యోగానికో వచ్చిన మనవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. నల్లగా కనిపించే లాగర్లలో, అంటే చల్లగా పులియబెట్టే బీర్లలో, బవేరియా డుంకెల్ మేలా, తురింగియా ష్వార్ట్స్‌బియర్ మేలా? మత్తులో తేడా లేదనే చెప్పాలి. ఆల్కహాల్ ఆయింగర్ కంపెనీ డుంకెల్‌లో 5 శాతం, కోస్ట్రిట్సర్ కంపెనీ ష్వార్ట్స్‌బియర్‌లో 4.8.

నా లెక్కలో తేల్చేది రంగు కాదు, ఆ రంగు తెచ్చిన మాల్ట్, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. డుంకెల్‌లో అధిక భాగం మ్యూనిక్ మాల్టే. లేత రంగు పిల్స్నర్ మాల్ట్ కంటే ఎక్కువ వేడిలో, దాదాపు 100 డిగ్రీల దగ్గర ఆరబెడతారు గాని మాడనివ్వరు. అప్పుడే కాల్చిన రొట్టె పైపెచ్చు వాసన దానికి పట్టేది ఆ వేడిలోనే. ష్వార్ట్స్‌బియర్ దారి వేరు. అందులో లేత రంగు మాల్ట్ వాటా ఎక్కువ. బాగా మాడ్చిన మాల్ట్ కొద్దిగా కలిపితే చాలు, నలుపు వచ్చేస్తుంది. గుక్క వేయగానే కాఫీ ఛాయ, చేదు చాక్లెట్ ఛాయ తగులుతాయి. అంతలోనే నాలుక పొడిబారి రుచి తెగిపోతుంది. చూడటానికి మాత్రం ఇదే అందగత్తె. గ్లాసును దీపానికి అడ్డం పెట్టండి, అంచుల్లో దానిమ్మ ఎరుపు మెరుస్తుంది.

రెండింటినీ ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే తాగితే ఈ తేడా సగం కూడా తెలియదు. సీసా బయట పెట్టి 8–10 డిగ్రీలకు రానివ్వండి. ష్వార్ట్స్‌బియర్ పెద్దగా మారదు. డుంకెల్ మాత్రం అప్పుడే విచ్చుకుంటుంది. నురుగు అణిగాక ముక్కు దగ్గర పెట్టుకుంటే రొట్టె, ఆ వెనుక కాస్త ఎండుఫలాల తీపి. నేను డుంకెల్ పక్షం అని ఈపాటికి తెలిసే ఉంటుంది. కారంగా వండిన కోడికూర పక్కనైతే మరీను. మాడు చేదు కారాన్ని ఎగదోస్తుంది, మాల్ట్ తీపి సర్దిచెబుతుంది. ఎండాకాలం సాయంత్రం, కూరా నారా లేకుండా తాగాలంటే మాత్రం ష్వార్ట్స్‌బియర్‌కే ఓటు.

ఘాటైన లాగర్ రకం డొప్పెల్‌బాక్‌ను ఈ పోటీలోకి లాగకండి. ఆ రకంలోని పౌలానర్ సాల్వటోర్ 7.9 శాతం, అది వేరే కొలత. పొగలో ఆరబెట్టిన మాల్ట్‌తో చేసే బాంబెర్గ్ పొగ బీరు నచ్చితే నచ్చుతుంది, లేకపోతే లేదు.

ఏది కొన్నా సీసా మీది తేదీ చూడండి. పాతబడిన లాగర్‌లో తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది, దాన్ని ఏ మాల్టూ కప్పలేదు.