పాత స్మిత్ అండ్ వెసన్, కోల్ట్, వెబ్లీ రివాల్వర్లు: ఏళ్ళ తరబడి కాల్చాక నా రివ్యూ

ముందే చెప్పేస్తా, పాత రివాల్వర్లలో ఒక్కటే కొనుక్కుని ప్రతి వీకెండూ షూటింగ్ రేంజికి తీసుకెళ్ళి కాల్చాలి అనుకునేవాళ్ళకి నా ఓటు స్మిత్ అండ్ వెసన్ మిలిటరీ అండ్ పోలీస్‌కే, .38 స్పెషల్, నాలుగంగుళాల బారెల్, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తయారైంది అయితే ఇంకా మంచిది. కోల్ట్ అందంగా ఉంటుంది, వెబ్లీకి కథ ఉంటుంది, కానీ పెట్టెలోంచి తీసి ఏ బెంగా లేకుండా వందల తూటాలు కాల్చగలిగేది ఇదే. నేను టెక్సస్‌లో ఉంటాను, ఇక్కడ మనవాళ్ళు చాలామంది కొత్త ఆటోమేటిక్ పిస్టళ్ళ వైపే వెళ్తారు, అది వాళ్ళిష్టం, నేను మాత్రం ఈ పాతవాటితోనే ఉండిపోయాను, షోకేసులో పెట్టి చూసుకోడానికి కాదు, కాల్చడానికే కొంటాను.

ఈ మిలిటరీ అండ్ పోలీస్ అనేది 1899లో మొదలైన డిజైను, .38 స్పెషల్ తూటా కూడా దీంతోపాటే పుట్టింది. అమెరికాలో దాదాపు ప్రతి ఊరి పోలీసుల నడుముకీ దశాబ్దాల పాటు వేలాడిన తుపాకీ ఇది, 1957లో కంపెనీ మోడల్ నంబర్లు పెట్టినప్పుడు దీన్నే మోడల్ 10 అన్నారు. నా దగ్గరున్నదాని సీరియల్ నంబరు సీ అక్షరంతో మొదలవుతుంది, అంటే రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక చేసిన రకం, ఐదు స్క్రూలది, నాలుగు పక్క ప్లేటుకి, ఒకటి ట్రిగ్గర్ గార్డు ముందు. బారెల్ మూతి దగ్గర, సిలిండర్ (తూటాలు పెట్టే, తిరిగే భాగం) అంచుల్లో నీలం రంగు పోయి తెల్ల ఇనుము కనిపిస్తుంది, హోల్‌స్టర్‌లో తీసి పెట్టి తీసి పెట్టి అరిగిన అరుగుదల అది, ఎవరో పోలీసాయన ఏళ్ళ తరబడి మోసుకు తిరిగి ఉంటాడు, కానీ కాల్చింది తక్కువ. పోలీసు తుపాకులతో ఉన్న సుఖం ఇదే, పైన గీతలు లోపల కొత్తదనం.

ట్రిగ్గర్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి ఎందుకంటే దీన్ని కొనేదే దానికోసం. డబుల్ యాక్షన్‌లో, అంటే ట్రిగ్గర్ ఒక్కటే లాగి కాల్చేటప్పుడు, మెల్లగా లాగుతూ పోతే మొదటి నుంచి చివరిదాకా ఒకే బరువు, మధ్యలో ఎక్కడా ఇసుక తగిలినట్టు ఉండదు, సిలిండర్ తిరిగి చిన్నగా టక్ మని లాక్ పడుతుంది, ఆ తర్వాత ఇంకొక్క వెంట్రుకవాసి లాగితే హ్యామర్, అంటే తూటాని పేల్చే సుత్తి, పడిపోతుంది. ఆ టక్‌కీ పేలడానికీ మధ్య ఉన్న ఆ చిన్న సందులో ఆగి గురి సరిచూసుకోవడం అలవాటైందంటే మీకు సింగిల్ యాక్షన్, అంటే ముందే హ్యామర్‌ని బొటనవేలితో వెనక్కి లాగి కాల్చడం, అవసరమే రాదు. ఆ రోజుల్లో స్ప్రింగ్‌ఫీల్డ్ ఫ్యాక్టరీలో మనుషులు కూర్చుని ఒక్కో భాగాన్నీ చేత్తో రుద్ది అమర్చేవాళ్ళు, ఇప్పుడు ఆ కూలి ఎవరు పెట్టుకోగలరు. లోపలున్నది చదునైన పొడవాటి స్ప్రింగు, దాన్ని బిగించే స్క్రూ పిడి ముందువైపు కింద ఉంటుంది, కొంతమంది ట్రిగ్గర్ తేలిక అవుతుందని ఆ స్క్రూని వదులు చేసేస్తారు, దాంతో హ్యామర్ దెబ్బ బలం తగ్గి తూటా పేలదు, కొన్నాక తూటాలు పేలకుండా ఉండిపోతున్నాయంటే మొట్టమొదట చూడాల్సింది ఆ స్క్రూనే, గట్టిగా చివరిదాకా బిగించి ఉండాలి.

తూటాల విషయానికొస్తే నేను ఎక్కువ కాల్చేది 148 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) వాడ్‌కటర్, ముందు భాగం చదునుగా ఉండే సీసం బుల్లెట్, కాగితం మీద చిల్లు గుండ్రంగా పంచింగ్ మెషిన్‌తో కొట్టినట్టు పడుతుంది, తన్నడం అసలు ఉండదు, పదిహేను గజాల్లో ఓపిగ్గా కాలిస్తే ఆరు చిల్లులూ అరచేతి కింద దాగిపోతాయి. 158 గ్రెయిన్ల రౌండ్ నోజ్ కూడా బానే ఉంటుంది. ప్లస్ పీ తూటాలు, అంటే ఎక్కువ ఒత్తిడితో పేలేవి మాత్రం మోడల్ నంబరు లేని పాతవాటిలో వెయ్యను, ఒకట్రెండు వేస్తే పేలిపోదు కానీ డెబ్భై ఏళ్ళ ఇనుముని ఊరికే ఎందుకు హింసించడం, దీంతో నేనేమీ యుద్ధానికి వెళ్ళట్లేదు కదా.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. సైట్లు చాలా సన్నం, ముందు అర్ధచంద్రంలా ఓ రేకు, వెనక ఫ్రేము మీద ఓ గాడి, అంతే, సాయంత్రం వెలుగు తగ్గితే నలుపులో నలుపు కలిసిపోయి ఏదీ కనపడదు, నలభై దాటిన కళ్ళకి ఇంకా కష్టం. చెక్క పిడి చిన్నది, ట్రిగ్గర్ గార్డు వెనక ఖాళీ ఉంటుంది, ఎక్కువ కాలిస్తే గార్డు వచ్చి మధ్యవేలు కణుపు మీద కొడుతుంది, దానికి టైలర్ టీ గ్రిప్ అని చిన్న లోహపు ముక్క దొరుకుతుంది, ఆ ఖాళీలో పెట్టి పిడి మళ్ళీ బిగిస్తే చాలు, తుపాకీకి ఏ నష్టమూ లేదు, పెద్ద రబ్బరు పిడి వేసి దాని అందం చెడగొట్టడం కంటే ఇది వంద రెట్లు నయం. ఇంకోటి, ఎజెక్టర్ రాడ్, ఖాళీ ఖోళ్ళని బయటకి నెట్టే కడ్డీ. 1960 ప్రాంతం దాకా దాని మరలు మామూలు కుడి మరలే, కాలుస్తూ ఉంటే మెల్లమెల్లగా వదులై బయటకి వస్తుంది, వచ్చిందంటే సిలిండర్ తెరుచుకోదు, లోపల తూటాలుండగా తెరుచుకోకపోతే ఎంత చిరాకో ఊహించుకోండి. తర్వాత వాళ్ళే ఎడమ మరలకి మార్చారు. నేను ప్రతి యాభై తూటాలకోసారి వేలితో తిప్పి చూసుకుంటా, అంతే.

ఇదే తుపాకీకి యుద్ధకాలపు తమ్ముడు విక్టరీ మోడల్, సీరియల్ ముందు వీ అక్షరం ఉంటుంది, మెరుపు లేని బూడిద రంగు, పిడి కింద రింగు. చవగ్గా దొరుకుతుంది కదాని ఎగబడకండి. అమెరికన్ నేవీకి ఇచ్చినవి .38 స్పెషల్, బ్రిటిష్ వాళ్ళకి పంపినవి .38 స్మిత్ అండ్ వెసన్ అనే వేరే తూటాకి, అది కొంచెం పొట్టి, కొంచెం లావు. యుద్ధం అయ్యాక ఆ బ్రిటిష్ తుపాకులు తిరిగి అమెరికా వచ్చినప్పుడు వ్యాపారులు చాలావాటి చాంబర్లు (సిలిండర్‌లో తూటా కూర్చునే రంధ్రాలు) లోతు చేసి .38 స్పెషల్ అని అమ్మేశారు, లోతు పెంచగలరు గానీ లావు తగ్గించలేరు కదా, అందుకని .38 స్పెషల్ కాలిస్తే ఇత్తడి ఖోళ్ళు వెనకవైపు ఉబ్బి పగులుతాయి. ఒక గన్ షోలో ఒకాయన "అంతా ఒరిజినలే" అని నా చేతిలో పెట్టాడు, చూస్తే ఐదంగుళాల బారెల్ రెండంగుళాలకి కోసేసి, పైన మెరిసే పూత వేసి ఉంది, దండం పెట్టి వచ్చేశా. ఇంకో సంగతి, 1944లో నేవీలో ఒక విక్టరీ కింద పడి పేలి మనిషి చనిపోయాడు, అప్పుడే కంపెనీ హ్యామర్ బ్లాక్ (కింద పడినా పేలకుండా హ్యామర్‌కి అడ్డుపడే భాగం) డిజైను మార్చింది, అంతకుముందు వాటిలో పాత గ్రీజు గడ్డకట్టి ఉంటే ఆ సేఫ్టీ పని చెయ్యకపోవచ్చు. కొనగానే విప్పించి శుభ్రం చేయించాలి, ఆ తర్వాత కూడా హ్యామర్ కింద చాంబర్ ఖాళీగానే ఉంచడం నా పద్ధతి.

కోల్ట్ అఫీషియల్ పోలీస్, 1927 నుంచి 1969 దాకా చేశారు. దీన్ని చేతిలోకి తీసుకుంటే స్మిత్ కంటే బరువుగా నిండుగా ఉంటుంది, నీలం రంగు మాత్రం, అబ్బ, లోతైన చెరువులోకి చూసినట్టుంటుంది, ఆ పాలిష్ స్మిత్‌కి లేదు. సిలిండర్ అటు గడియారం దిశలో తిరుగుతుంది, తెరవడానికి లాచ్ వెనక్కి లాగాలి, స్మిత్‌కి ముందుకి తొయ్యాలి, రెండూ ఒకే రోజు కాలిస్తే బొటనవేలు తికమక పడుతుంది. ట్రిగ్గర్ లాగి పట్టుకుంటే సిలిండర్ ఇటూ అటూ రవ్వంత కూడా కదలదు, దాన్ని తిప్పే హ్యాండ్ అనే చిన్న మీట ఇంకా నొక్కి పట్టే ఉంటుంది కాబట్టి. ఆ గట్టితనానికే దీని జబ్బు కూడా ఉంది, ఆ హ్యాండ్ అరుగుతుంది, అరిగితే టైమింగ్, అంటే హ్యామర్ పడేలోపే చాంబర్ బారెల్‌కి సరిగ్గా ఎదురుగా రావడం, పోతుంది, పాత కోల్ట్ లోపలి పని తెలిసిన గన్‌స్మిత్‌లు ఇప్పుడు తక్కువ, దొరికినా నెలల తరబడి క్యూ. డబుల్ యాక్షన్ చివర్లో బరువు పెరుగుతుంది, నాకది నచ్చదు. సింగిల్ యాక్షన్‌లో మాత్రం గాజు విరిగినంత శుభ్రంగా పడుతుంది. కాబట్టి దీన్ని తక్కువ కాలుస్తా, ఎక్కువ తుడుస్తా.

వెబ్లీ మార్క్ 6 సంగతి వేరే. 1915లో బ్రిటిష్ సైన్యం తీసుకున్నది, .455 తూటా, ఆరంగుళాల బారెల్, కిలో పైన బరువు. బొటనవేలితో పక్క లివర్ నొక్కితే బారెల్ మొత్తం ముందుకి వంగి, ఆరు ఖోళ్ళూ ఒకేసారి పైకి ఎగిరి పడతాయి, రేంజిలో పక్క లేన్ వాళ్ళు కాల్చడం ఆపేసి మరీ వచ్చి చూస్తారు. మన దగ్గర లైసెన్సు ఉన్నవాళ్ళ చేతుల్లో కనిపించే కాన్పూర్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్ చూసినవాళ్ళకి ఈ మడత వెంటనే గుర్తుపట్టేంత తెలిసిందే, అది ఈ వెబ్లీ కుటుంబపు డిజైనే. బుల్లెట్ 265 గ్రెయిన్లు, కానీ వేగం తక్కువ కాబట్టి తన్నదు, మెల్లగా గట్టిగా నెడుతుంది. ఇక్కడ ఒక్క హెచ్చరిక, అమెరికాకి వచ్చిన మార్క్ 6లలో చాలావాటి సిలిండర్ వెనకభాగం కోసేసి .45 ఏసీపీ తూటాలు హాఫ్ మూన్ క్లిప్పులతో (మూడేసి తూటాలు పట్టుకునే రేకులు) పెట్టుకునేలా చేశారు. ఆ తూటా ఒత్తిడి చదరపు అంగుళానికి 21,000 పౌండ్ల దాకా ఉంటుంది, ఈ తుపాకీ చేసింది అందులో మూడింట రెండొంతుల లోపు ఒత్తిడికి. ఫ్యాక్టరీ .45 ఏసీపీ ఇందులో కాల్చొద్దు, చాలా తుపాకులు అలాగే పగిలాయి. కొయ్యని సిలిండర్ ఉన్నది వెతకండి, ధర ఎక్కువైనా అదే కొనండి, .455 తూటాలు ఫియోకీ వాళ్ళవి దొరుకుతాయి, ఖరీదే, అందుకే ఇది పండగ రోజు తుపాకీ మా ఇంట్లో.

మా ఆవిడకి నచ్చింది స్మిత్ అండ్ వెసన్ వాళ్ళ కే-22 మాస్టర్‌పీస్, .22 తూటా, సర్దుకునే సైట్లు, చప్పుడు తక్కువ, ఖర్చు తక్కువ, కొత్తవాళ్ళకి నేర్పడానికి దీన్ని మించింది లేదు. ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం దీని ట్రిగ్గర్ లాగొద్దు, ఫైరింగ్ పిన్ చాంబర్ అంచుని కొట్టి పాడు చేస్తుంది.

కొనేటప్పుడు చూడాల్సినవి. ముందు ఖాళీ అని రెండుసార్లు చూసుకోండి. హ్యామర్‌ని చాలా మెల్లగా బొటనవేలితో లాగుతూ ఆరు చాంబర్లకీ చూడండి, హ్యామర్ పూర్తిగా వెనక్కి వెళ్ళేలోపే సిలిండర్ లాక్ పడాలి, ఒక్కదానికి పడకపోయినా టైమింగ్ పోయినట్టే. సిలిండర్‌ని ముందుకీ వెనక్కీ ఊపి వదులుగా ఉందేమో చూడండి, బారెల్ లోపల లైటు వేసి నల్లటి ఉంగరంలాంటి నీడ ఉందేమో చూడండి, ఉంటే ఎప్పుడో బుల్లెట్ ఇరుక్కుని ఉబ్బింది అని అర్థం. స్క్రూ తలలు చెడి ఉంటే ఎవరో ఇంట్లో విప్పారు. కంపెనీ ముద్ర అంచులు కరిగినట్టు, స్క్రూ రంధ్రాల చుట్టూ గుంట పడినట్టు ఉంటే మళ్ళీ పాలిష్ పట్టి రంగు వేశారు, కాల్చడానికైతే ఫర్లేదు, ఒరిజినల్ ధర ఇవ్వొద్దు. సిలిండర్‌ని మన సినిమాల్లో హీరోలా మణికట్టుతో విసిరి మూసేవాడి దగ్గర అస్సలు కొనకండి, అది సిలిండర్‌ని మోసే క్రేన్ అనే చేతిని వంచేస్తుంది. వెతుక్కోడానికి టల్సాలో ఏడాదికి రెండుసార్లు జరిగే పెద్ద గన్ షో మంచి చోటు, డాలస్ నుంచి కారులో పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చెయ్యొచ్చు.

చట్టం విషయం మనవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాలి. హెచ్1బీ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకి తుపాకీ గానీ తూటాలు గానీ పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా కుదరదు, హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, లాయర్ని అడక్కుండా ముట్టుకోవద్దు, ఫ్రెండ్‌ది కదా అని రేంజిలో కాల్చడం కూడా. గ్రీన్ కార్డు వచ్చాక ఆ ఇబ్బంది లేదు. యాభై ఏళ్ళు దాటిన తుపాకులు సేకరించేవాళ్ళకి క్యూరియో అండ్ రెలిక్ లైసెన్సు ఉంది, మూడేళ్ళకి 30 డాలర్లు, దానితో పాతవి నేరుగా ఇంటికే తెప్పించుకోవచ్చు. ఇక ఇండియా వెళ్ళేటప్పుడు రేంజికి వాడిన బ్యాగు ఏదీ తీసుకెళ్ళకండి, మూలన ఒక్క తూటా మిగిలిపోయి శంషాబాద్ స్కానర్‌లో పడితే ఆర్మ్స్ యాక్ట్ కేసు, సెలవులన్నీ పోలీస్ స్టేషన్ చుట్టూనే. నేను ఆ బ్యాగులు గరాజ్‌లోనే, సేఫ్ పక్కనే ఉంచుతా, సూట్‌కేసులుండే గదిలోకి రానివ్వను.