మడత చాకు: కార్బన్ స్టీలా, స్టెయిన్‌లెస్సా?

మా ఇల్లు విశాఖలో, పెదవాల్తేరులో. ఉప్పుగాలికి కిటికీ ఊచలే నిలవవు, ఇక చాకు సంగతి చెప్పాలా?

నా దగ్గర ఒపినెల్ అనే ఫ్రెంచ్ కంపెనీ నంబర్ 8 మడత చాకులు రెండున్నాయి, ఒకటి కార్బన్, రెండోది స్టెయిన్‌లెస్. కార్బన్ దానికి పదును పెట్టడం ఎంత హాయో! 1000 గ్రిట్ (మధ్యస్థంగా గరుకున్న) సానరాయిని తడిపి, దాని మీద చాకుని సుమారు 20 డిగ్రీల వాలులో ఒక పక్కే లాగుతూ ఉంటే, కాసేపటికి రెండో పక్క అంచు వేలికి గరుగ్గా తగులుతుంది. అప్పుడు తిప్పి అటూ పట్టాలి. చివర్న ఆ గరుకుని తోలు మీద తీసేస్తే కాగితం చప్పుడు లేకుండా తెగుతుంది. కానీ మామిడికాయ కోసి తుడవడం మర్చిపోయామా, నల్ల మచ్చలు ఖాయం. ఆ తుప్పు ముందు తినేది సన్నటి అంచునే.

స్టెయిన్‌లెస్ దాంట్లో 13 శాతం పైనే క్రోమియం ఉంటుంది, తుప్పుని ఆపేది అదే. నా చేతికి రాయి మీద కొంచెం మొండిగా అనిపిస్తుంది, అంతే. వెనేడియం అనే లోహం కలిసిన ఎస్30వి లాంటి ఖరీదైన స్టీళ్లకి పదును చాలా రోజులు నిలుస్తుంది, కానీ పోయాక మామూలు రాయితో విసుగొస్తుంది, డైమండ్ ప్లేటు (వజ్రపు పొడి అతికించిన పలక) ఉండాలి.

విశాఖలో ఒక్క చాకే కొనేవాళ్లకి నా మాట స్టెయిన్‌లెస్సే. కార్బన్ కావాలంటే, వాడిన ప్రతిసారీ తుడిచి ఒక చుక్క కొబ్బరినూనె రాయండి.